ధూపం తిరిగాక కూర్చున్న శేషుకుమారి

శేషుకుమారికి ఒక జబ్బుంది. డాక్టర్ల మధ్య ఇన్నేళ్ళు పనిచేసిన మనిషే అయినా దానికి మందు పుచ్చుకోవాలని ఆమెకెప్పుడూ తోచలేదు. ఎవరింటికి వెళ్ళినా సరే, కూర్చోమన్న చోట కూర్చోకుండా వంటింటి గుమ్మం దాకా వెళ్ళి తొంగి చూడాలి. పొయ్యి ఎటు తిరిగి ఉంది, ఉప్పు దేంట్లో పోసుకున్నారు, నీళ్ళబిందె మీద మూత ఉందా లేదా, ఇవి చూస్తేగానీ ఆమె మనసు కుదుటపడదు. కాకినాడలో నర్సుగా ఉన్న రోజుల్లో పురుళ్ళకని ఇళ్ళకు వెళ్ళినా ఇదే వరస. మనిషి నోటితో ఏం చెప్పినా వంటిల్లు అబద్ధం చెప్పదని ఆమె నమ్మకం. నర్సమ్మ వస్తోందంటే ముందు పిల్లతల్లిని కాదు, వంటిల్లు సర్దుకునేవారు ఆ వీధుల్లో.

అలాంటి మనిషికి, పందొమ్మిది వందల డెబ్భై ఏడులో, ఒమాన్ దక్షిణపు కొసన ఉన్న సలాలా అనే పాత పట్నంలో, తనకు తానుగా ఒక ఇల్లు ఎంచుకోవలసిన పని పడింది. పడకకూ పొద్దుటి ఫలహారానికీ ఒక గది. వినడానికి చిన్న పనే. కానీ ఆ గది దొరకడం మీదే ఆమె మిగతా బతుకంతా ఆధారపడి ఉంది, అదీ సంగతి.

భర్త పోయేనాటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు. అందరూ వద్దంటున్నా నర్సు ట్రైనింగులో చేరి, తన కాళ్ళ మీద తాను నిలబడింది. అన్నయ్య విశ్వేశ్వరరావు మస్కట్‌లో ఇంజనీరు. వదిన పురిటికి సాయమని ఉద్యోగానికి సెలవు పెట్టించి పిలిపించుకున్నాడు. పురుడయింది. పిల్ల బోర్లాపడింది, పాకింది, నడిచింది. కాకినాడలో సెలవు అయిపోయింది, ఆ వెనకే ఉద్యోగమూ పోయింది. శేషుకుమారి మాత్రం అన్నయ్య వంటింట్లోంచి బయటకు రాలేదు. ఊళ్ళో ఎవరి వంటిల్లయినా చూడాలని తహతహలాడే మనిషి, ఒకే వంటింట్లో అంతకాలం ఉండిపోయేసరికి, ఉత్సాహమే చచ్చిపోయింది. సలాలా ప్రభుత్వాసుపత్రిలో కాన్పుల వార్డుకు నర్సులు కావాలని విన్నరోజునే దరఖాస్తు పెట్టింది. ఉద్యోగం వచ్చింది.

విశ్వేశ్వరరావు చెడ్డవాడు కాడు. చెల్లెలు వెళతానంటే కాదనలేదు. కాదనడానికి ఒక దారి అట్టిపెట్టుకుని ఔనన్నాడు, అంతే. నర్సుల క్వార్టర్సు ఇంకా కడుతున్నారట, అవి పూర్తయ్యేదాకా ఊళ్ళో ఎవరింట్లోనైనా గది చూసుకోమంటున్నారట, ఖర్చు ఆసుపత్రిదేనట అని ఆమె చెబితే ఆయన ఒక షరతు పెట్టాడు.

"శుక్రవారం నేనే వచ్చి చూస్తానే శేషూ. ఒంటరి ఆడది, నీచు ముట్టని మనిషి నిశ్చింతగా ఉండగలిగే ఇల్లయితే అక్కడే ఉండు. కాదనుకో, ఆ విమానంలోనే నాతో వచ్చెయ్యి" అన్నాడు.

వచ్చెయ్యడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఈసారి ఆ వంటింట్లోకి వెళితే మళ్ళీ తలుపు తెరుచుకోదు.

సలాలాలో దిగేసరికి జల్లు పడుతోంది. అరబ్బు దేశంలో ఆగస్టు నెలలో ముసురేమిటని ఆమె చెయ్యి చాపి చూసుకుంది. నిజంగా వానే. రోడ్డు పక్కన కొబ్బరితోటలు, అరటితోటలు, వెనకాల పచ్చటి కొండలు. ఆ కొండల్లో తుపాకులు ఆగి ఎంతోకాలం కాలేదని మస్కట్‌లో చెప్పగా విని భయపడింది గానీ, కొబ్బరాకు మీంచి నీళ్ళు కారుతుంటే ఆ భయం ఎటు పోయిందో పోయింది. కోనసీమను ఎవరో మూటగట్టి తెచ్చి ఇక్కడ విప్పినట్టుందనుకుంది.

ఆసుపత్రి కారు నడిపే ఖాదర్ ఆదోని మనిషి. ఏళ్ళ తరబడి ఇక్కడే ఉన్నాడు. తెలుగు మాట్లాడే మనిషి కనబడేసరికి అతని మొహం వెలిగింది. మూడిళ్ళు చూసి ఉంచానని, ఆమెను "సిస్టరమ్మా" అని పిలుస్తూ, ఒక్కొక్క ఇంటికీ తిప్పాడు.

మొదటిది బట్టల కొట్టు మీద మేడ. కొట్టు యజమాని కచ్ఛీ సేఠు. పూర్తి శాకాహారం. నేల అద్దంలా ఉంది, పరుపు మీద తెల్లటి దుప్పటి, గోడకు దేవుడి పటం. విశ్వేశ్వరరావు చూస్తే కళ్ళు మూసుకుని ఒప్పుకునే ఇల్లు. పొద్దున్నే రొట్టె, ఊరగాయ, టీ గది దగ్గరికే పంపుతామని సేఠు భార్య చెప్పింది. శేషుకుమారి అలవాటుగా వంటింటి వైపు అడుగేసింది. సేఠు భార్య నవ్వుతూనే అడ్డొచ్చి నిలబడింది. మా వంటింట్లోకి బయటివాళ్ళు రారు అంది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, మన ఇళ్ళలోనూ ఉన్నదే. పైగా దీపాలవేళకు తలుపు గడియ పడుతుందని, ఆ తరవాత ఎవరు తట్టినా తియ్యరని కూడా చెప్పింది. కాన్పులు గడియ చూసుకుని రావని చెబుదామనుకుని శేషుకుమారి ఊరుకుంది.

రెండోది ఒక ఇంగ్లీషు దొరసాని బంగళా. అక్కడ గడియ గొడవ లేదు. మంచం మీద కూర్చోగానే సగం మనిషి లోపలికి దిగిపోయింది. కిటికీకి పూలపూల తెరలు, బల్ల మీద వెండి చెంచాలు. గుడ్డు తినకపోతే ఫర్వాలేదు, రొట్టె, జామ్, పండు పెడతానని దొరసాని ఎంతో మర్యాదగా చెప్పింది. వంటిల్లు చూడవచ్చా అని అడిగితే మాత్రం ఆమెకు అర్థం కాలేదు. వంటమనిషి మీద ఫిర్యాదు ఏమైనా ఉందా అని అడిగింది. ఇంకా తిననే లేదు, ఫిర్యాదు ఎక్కణ్ణుంచి వస్తుంది?

కారెక్కాక ఖాదర్ ఎలా ఉందని అడిగాడు. బాగానే ఉంది గానీ ఆ ఇంట్లో అన్నం ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియదు అంది శేషుకుమారి. ఖాదర్‌కు నవ్వొచ్చింది. మిగిలింది ఒకటే ఇల్లని, అది అరబ్బుల ఇల్లని, ఆమెకు సరిపడుతుందో లేదో చెప్పలేనని అన్నాడు.

మూడో ఇల్లు హాఫాలో, సముద్రం ఒడ్డున. పాత బజారు ఆ పక్కనే. ఒకప్పుడు ఓడల్లో గుర్రాలూ సాంబ్రాణీ ఎక్కించిన రేవుపట్నపు శిథిలాలు కాస్త దూరంలో. సుద్దలాంటి తెల్లరాతితో కట్టిన రెండంతస్తుల ఇల్లు, చెక్కడపు పనిచేసిన కిటికీలు. బయట చిన్న చేపలు ఎండబెట్టిన వాసన గుప్పుమంది. కాకినాడ మనిషికి ఆ వాసన కొత్తేమీ కాదు గానీ, శుక్రవారం రాబోయే అన్నయ్య ముక్కు గుర్తొచ్చింది. లోపల ఆడవాళ్ళే ఉంటారు గనక ఖాదర్ కారు దగ్గరే ఆగిపోయాడు.

ఇంటావిడ పేరు జైనబ్. యాభై దాటిన మనిషి, నల్లగా ఒడ్డూపొడుగూగా ఉంది, ముక్కుకు బంగారు పువ్వు. ఆమె భర్త ఓడ సరంగు. ఆయన బతికుండగా కొన్నేళ్ళు బొంబాయిలో కాపురం చేసింది. ఇప్పుడు ఈ ఇల్లూ, బజారులో ఒక సాంబ్రాణి కొట్టూ ఆమెవే. ఇద్దరూ హిందీలో మాట్లాడుకున్నారు. శేషుకుమారిది ప్రచారసభ పరీక్షల హిందీ, జైనబ్‌ది బొంబాయి రేవు హిందీ. ఒకరిది మరొకరికి సగమే అర్థమైంది గానీ ఆడవాళ్ళకు ఆ సగం చాలు.

మేడ మీద గది చూపించింది. తాడుతో అల్లిన మంచం, చాప, కిటికీలోంచి సముద్రం. కిందికి వస్తూ శేషుకుమారి వంటిల్లు చూస్తానంది. జైనబ్ ఎందుకని అడగలేదు. పదమని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. ఆమె ఆడపడుచు పొయ్యి ముందు పిండి కలుపుతోంది. శేషుకుమారి ప్రతి మూత తీసి చూసింది. తేనె సీసా, ఖర్జూరాలు, ఎండు చేపలు, పాల గిన్నె. చేపలు వండే కుండ ఏదని అడిగింది. జైనబ్ చూపించి, ఎందుకో తానే గ్రహించి, పై అరలోంచి వాడని కొత్త కుండ ఒకటి దించి విడిగా పెట్టింది. మూత ఉన్న నీళ్ళకుండ కూడా కనబడింది. శేషుకుమారి మనసు అక్కడికక్కడే ఆ ఇంట్లో సామాను దించేసింది. గది సంగతి రేపు చెబుతానని మాత్రం జైనబ్ అంది.

ముందు గదిలో చాప మీద కూర్చున్నారు. కాఫీ వచ్చింది, ఖర్జూరం వచ్చింది. కబుర్లు సాగాయి. ఆమె విధవ అని ఈమెకూ, ఈమె విధవ అని ఆమెకూ తెలిసింది. అప్పుడు జైనబ్ లేచి వెళ్ళి, రంగురంగుల మట్టి ధూపపుపాత్రలో నిప్పులు పోసి, వాటి మీద సాంబ్రాణి పలుకులు వేసి తెచ్చింది. తెల్లటి పొగ లేచింది. దాన్ని తెచ్చి శేషుకుమారి ముందు పట్టుకుంది.

తలంటి పోశాక జుట్టుకు సాంబ్రాణి పొగ పట్టడం శేషుకుమారికి పెళ్ళికి ముందు అమ్మ చేసింది, పెళ్ళయ్యాక అత్తగారు చేసింది. ఆయన పోయాక మళ్ళీ ఎవరూ చెయ్యలేదు. ఎవరింటికి వెళ్ళినా హారతి పళ్ళెం ఆమెను దాటుకుని పక్కావిడ దగ్గరికి పోయేది. ఆమె కూడా గోడవారగా తప్పుకోవడం నేర్చుకుంది. ఇక్కడ ముక్కూమొహం తెలియని మనిషి తన కోసమని నిప్పు చేసి తెచ్చింది. ఇంతకన్నా స్వాగతం ఏముంటుంది? ఆమె మరో ఆలోచన లేకుండా ముడి విప్పి, జుట్టంతా ముందుకు వేసుకుని, పొగ మీదికి వంగింది.

జైనబ్ ఒక్క క్షణం బొమ్మలా నిలబడిపోయింది. తరవాత కూర్చుని, ఆ పాత్ర కదలకుండా పట్టుకుంది. శేషుకుమారి జుట్టు ముడేసుకుని, కాళ్ళు సర్దుకుని, మరింత స్థిమితంగా కూర్చుని, కాకినాడ కబుర్లు మొదలుపెట్టింది. కాసేపటికి జైనబ్ మళ్ళీ ధూపం తెచ్చింది. ఈమె మళ్ళీ జుట్టు విప్పింది. ఇంకాసేపటికి మూడోసారి. మసీదులో బాంగు వినిపించాకగానీ శేషుకుమారి లేవలేదు.

కారెక్కగానే, ఎంత మర్యాద, ఎంత మర్యాద అని ఆమె ఖాదర్‌కు పూసగుచ్చినట్టు చెప్పింది. మూడుసార్లు ధూపం వేశారయ్యా అంది. ఖాదర్ కారు ఎక్కినవాడు తాళం తిప్పకుండా ఆగిపోయాడు.

"మూడుతూర్లు ఏసినారా సిస్టరమ్మా? అయినా నువ్వు లేసిరాల్యా?" అన్నాడు.

ఎందుకు లేవాలని ఆమె అడిగింది. అతను కాస్త నసిగి, చెప్పలేక చెప్పలేక చెప్పాడు. "ఈ దేశంలో ధూపం తిప్పినారంటే ఇంగ లేసి పోమ్మని అర్థం. ధూపం తిరిగినంక ఎవురూ కూకోరమ్మా. నోటితో పో అనేది వాళ్ళకి మర్యాద గాదు, అందుకే."

పొమ్మనలేక పొగబెట్టారన్న మాట ఆమె చిన్నప్పటినుంచీ లక్షసార్లు వాడింది. తీరా నిజంగా పొగ పెట్టినరోజున, జుట్టు విప్పి దాని మీద ఆరబెట్టుకుంది. ఇంకొకరికి జరిగి ఉంటే కడుపుబ్బ నవ్వేది. ఇప్పుడు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిగ్గు ఒక పాలు, దుఃఖం మూడు పాళ్ళు. తన కోసం నిప్పు చేశారనుకుంది. తనను పంపడానికి చేశారన్న మాట. ఈ వయసులో ఇంత ఆశ ఎందుకు పడ్డానని తన్ను తానే తిట్టుకుంది.

మర్నాడు గురువారం. తెల్లవారితే అన్నయ్య వస్తాడు. సేఠు మేడ మాట్లాడేయమంటారా అని ఖాదర్ అడిగాడు. బుద్ధిగా ఔననవలసిన మాట. కానీ ఆమె ముందు హాఫా పోనిమ్మంది. గది కోసం కాదు, క్షమాపణ చెప్పుకోవడానికి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని దారి పొడుగునా గొణుక్కుంటూనే వెళ్ళింది.

జైనబ్ గుమ్మంలోనే ఉంది. శేషుకుమారి కూర్చోకుండా, నిలబడే, తన పుస్తకాల హిందీలో ముందే కూర్చుకున్న నాలుగు ముక్కలూ అప్పజెప్పింది. మీ ఆచారం నాకు తెలియదు, మా దేశంలో ధూపం ఇంట్లో మనిషికి వేస్తారు, తెలియక మీ పొద్దంతా తినేశాను, మన్నించండి అంది. తనకు ధూపం వేసి ఎన్నేళ్ళయిందో కూడా నోరు జారి చెప్పేసింది.

జైనబ్ అంతా విని, తాపీగా జవాబు చెప్పింది. "మొదటిసారి నిన్ను వెళ్ళమనే తెచ్చాను. మా ఆడపడుచు పిండి కలిపి కూర్చుంది, పొద్దుపోతోంది. నువ్వేమో జుట్టు విప్పావు. మా ఇళ్ళల్లోనూ అలా విప్పేది ఇంటి ఆడవాళ్ళే. రెండోసారి, మళ్ళీ విప్పుతావా అని చూడ్డానికి తెచ్చాను."

మూడోసారి ఎందుకు తెచ్చావని శేషుకుమారి అడిగింది.

"నీకు బాగుందని" అంది జైనబ్.

ఆ మాటతో శేషుకుమారికి ఏడుపు ఆగలేదు. జైనబ్ ఓదార్చలేదు. నీ సామాను ఏదని ఖాదర్ కారు వైపు చూసింది, అంతే.

శుక్రవారం మధ్యాహ్నం విశ్వేశ్వరరావు వచ్చాడు. చేపలు ఎండేసిన చోట ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ముందు గదిలో కూర్చున్నాడు. మగ అతిథి గనక జైనబ్ లోపలే, తెర వెనక ఉండిపోయింది. ఖాదర్ గుమ్మం పక్కన చాప మీద కూర్చున్నాడు. కాఫీ, ఖర్జూరం వచ్చాయి. ఆయన తాగుతూనే ఒక్కొక్కటీ ఎత్తి చూపాడు. ఆ కంపేమిటి, తాడుమంచమేమిటి, మన భాష కాదు, మన తిండి కాదు, రేపు ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారు? ఆసుపత్రిలో పనిచేసే మనిషిని ఆ మాట అడగడం ఆయనకే చెల్లింది. సేఠుగారి మేడ గురించి ఖాదర్ దారిలో చెప్పాడట, అలాంటిది కూడా వద్దనుకుని ఈ ఇంట్లో దూరడమేమిటన్నాడు.

శేషుకుమారి ఖర్జూరాల పళ్ళెం ఆయన ముందుకు జరిపింది. అన్నయ్య ముందు ఆమెకు ఎప్పుడూ మాట పెగలదు.

"నీ టిక్కెట్టు కూడా తీసుకున్నానే. పిల్ల అత్తా అత్తా అని బెంగెట్టుకుంది. నీ వదినకి ఒక్కర్తెకీ పని తెమలడం లేదు. లే, పెట్టె సర్దుకో" అన్నాడాయన. ఆ గొంతులో ప్రేమ లేకపోలేదు, అదే కష్టం. ప్రేమ లేనివాడికి కాదని చెప్పడం ఎంతసేపు?

తెలుగు రాకపోయినా ఆ గొంతు అర్థమైందేమో, తెర కాస్త కదిలింది. సందులోంచి జైనబ్ చెయ్యి బయటికి వచ్చింది, ఆ చేతిలో ధూపపుపాత్ర. నిప్పులు ఎర్రగా ఉన్నాయి, పొగ ఇంకా పలచగా లేస్తోంది. ఆ చెయ్యి ముందుకు రాలేదు, వెనక్కీ పోలేదు. ఇది నీ పని, చేస్తే నువ్వే చెయ్యాలి అన్నట్టు అక్కడే నిలిచింది. శేషుకుమారికి అర్థమైంది. లేచి వెళ్ళి పాత్ర అందుకుని, అన్నయ్య ముందుకు తెచ్చి పట్టుకుంది.

విశ్వేశ్వరరావు మొహం విప్పారింది. సాంబ్రాణి అంటూ రెండు చేతులతో పొగను కళ్ళకు అద్దుకుని, మర్యాద తెలిసినవాళ్ళలాగే ఉన్నారే అని, కాళ్ళు మడత వేసుకుని గోడకు చేరగిలబడ్డాడు. ఇంకో కప్పు కాఫీ ఉంటే తెమ్మన్నాడు. గుమ్మం పక్కన ఖాదర్ మాత్రం ఠక్కున లేచి, చెప్పులు వెతుక్కుంటూ అవతలికి తిరిగిపోయాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

రెండు రోజుల కిందట తాను కూర్చున్నది సరిగ్గా ఆ గోడకే. శేషుకుమారికి నవ్వూ జాలీ కలిసి వచ్చాయి, వాటి వెనకాలే ధైర్యమూ వచ్చింది.

"అన్నయ్యా, ఈ ఊళ్ళో ధూపం వేశారంటే, వచ్చినవాళ్ళు ఇక బయల్దేరాలని" అంది.

ఆయనకు ముందు అర్థం కాలేదు. చేతిలో కప్పు వైపు, గుమ్మం వైపు చూశాడు. "మరి నువ్వు?" అన్నాడు.

"నాకు మొన్ననే వేశారు. నేను లేవలేదు."

ఆయన కప్పు కింద పెట్టాడు. మొహం ఎర్రబడింది, తరవాత మామూలయింది. మెల్లగా లేచి, బూట్లు తొడుక్కుని, తెచ్చిన సంచీలోంచి గుడ్డ కట్టిన జాడీ ఒకటి తీసి గుమ్మం లోపల పెట్టాడు. ఆమె మస్కట్‌లో పట్టిన ఆవకాయ. చెల్లెల్ని వెనక్కి తీసుకుపోవడానికి వచ్చినవాడు ఆవకాయ ఎందుకు మోసుకొచ్చాడో ఆమె అడగలేదు. ఏదో తెలిసే తెచ్చి ఉంటాడు. ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి ఆయన వానలో కారెక్కాడు.

కారు కొబ్బరితోట మలుపు తిరిగేదాకా శేషుకుమారి గుమ్మంలో నిలబడింది. తన కోసం వచ్చిన ఒక్కగానొక్క మనిషిని తన చేత్తోనే సాగనంపానే అనుకుంది. లోపలికి వచ్చేసరికి జైనబ్ తెర తీసుకుని ముందు గదిలోకి వచ్చి ఉంది. ఆవకాయ జాడీ మీది గుడ్డ విప్పి, వాసన చూసి, తుమ్మింది. అప్పుడు పాత్రలో నిప్పులు చూపించి, ఇంకా వేడిగానే ఉన్నాయి, వృథా చెయ్యడమెందుకు, కూర్చో అంది.

శేషుకుమారి కూర్చుని ముడి విప్పుకుంది.